కాగితం ఎవరి దగ్గర ఉంది?

(యూనియన్ సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి ప్రసంగ పాఠం)



బోనసు మాట కాసేపు ఆపి పాత దస్త్రాల సంగతి చెప్తాను. చెదలు పట్టిన కాగితాలే గదా అనుకోకండి.

బ్రిటన్‌లో ఒక పథకం నడిచింది. శరణాలయాల్లోని పిల్లల్ని ఓడలెక్కించి తమ సామ్రాజ్యంలోని దేశాలకు పంపడం. 1869 మొదలు ఒక్క కెనడాకే సుమారు లక్షమంది వెళ్లారు. పొలాల్లో, ఇళ్లల్లో పనికి పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఎక్కువగా ఆస్ట్రేలియాకు పంపారు. అది సుమారు 1970 దాకా సాగింది. పంపింది ధర్మసంస్థలు, డబ్బిచ్చింది ప్రభుత్వాలు. పైకి చెప్పింది మంచి బతుకు. అసలు లెక్క వేరు: ఇక్కడ పోషణ ఖర్చు తగ్గాలి, అక్కడ తెల్లజనం పెరగాలి, పొలాలకు కూలీలు దొరకాలి.

వాళ్లంతా అనాథలు కారు. చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. కూడు పెట్టలేక బిడ్డను సంస్థలో వదిలినవాళ్లు. పిల్లలకు మాత్రం మీవాళ్లు చచ్చిపోయారని చెప్పారు. కొందరి పేర్లు, పుట్టిన తేదీలు కూడా మార్చేశారు. జనన పత్రం చేతికివ్వలేదు.

1986లో నాటింగ్‌హామ్‌లో సంక్షేమ ఉద్యోగిని మార్గరెట్ హంఫ్రీస్‌కు ఆస్ట్రేలియా నుంచి ఒక స్త్రీ ఉత్తరం రాసింది. నాలుగేళ్ల వయసులో నన్ను ఓడలో పంపేశారు, నా వాళ్లెవరో కనుక్కోండి అని. ఆమె మొదట నమ్మలేదు. లండన్ వెళ్లి జనన, వివాహ రిజిస్టర్లు తిరగేస్తే నిజం బయటపడింది. 1987లో చైల్డ్ మైగ్రెంట్స్ ట్రస్టు పెట్టింది. కొందరికి తల్లి దొరికింది. కొందరు వెళ్లేసరికి సమాధే మిగిలింది.

2009లో ఆస్ట్రేలియా ప్రధాని, 2010లో బ్రిటన్ ప్రధాని క్షమాపణ చెప్పారు. 2019లో బ్రిటన్ తలా 20,000 పౌండ్లు ఇస్తామంది, అదీ 2018 మార్చి 1 నాటికి బతికున్న వారికే. అప్పటికే ఎంతమంది పోయారో!

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నేను పనిచేసిన మిల్లు మూతపడ్డాక మస్టర్లు తూకానికి అమ్మేశారు. బాకీల కోసం పోతే, నువ్వు మా మనిషివేనని రుజువేమిటన్నారు. చిరిగిన టికెట్ కార్డు నా పెట్టెలో ఉంది కాబట్టి బతికిపోయాను. పక్క సాంచా మీద పనిచేసినవాడికి అదీ లేదు.

మన తెలుగు పేర్ల గోల మీకు తెలిసిందే. ఇంటిపేరు వెనక్కి పోతుంది, తండ్రిపేరు మధ్యలో దూరుతుంది, మస్టర్లో ఒకటి, రేషన్ కార్డులో ఇంకొకటి. టికెట్ కార్డు, ఈ.ఎస్.ఐ. కార్డు, పి.ఎఫ్. చీటీ, ఇంట్లో ఏముంటే అవి వచ్చే ఆదివారం ఆఫీసుకు తెండి. నకళ్లు తీయిద్దాం. పేరు తేడా ఉంటే దరఖాస్తు అక్కడే రాసిస్తాం. రిటైరైన నాన్నగార్ల కాగితాలు కూడా తెండి.