పై తొడుగు, లోపలి రాగి
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను చదువు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చదువు మీద ఉపన్యాసాలు మీరు ప్రతి ఏడూ వింటూనే ఉన్నారు. ఈ ఏడు పని నేర్చుకున్న మన కుర్రాళ్ళకు పనిముట్లు ఇప్పించాలని సంఘం ఆలోచిస్తున్నది. వారిలో ఎక్కువమంది ఆటో ఎలక్ట్రికల్ పనిలో ఉన్నారు. కనుక నేను బండ్ల వైరింగు గురించి మాట్లాడదలచుకున్నాను. నేను మెకానిక్‌ను కాను, ఉర్దూ మీడియంలో సైన్సు చెప్పే పంతులును. అయితే నా దగ్గర ఓం నియమం బట్టీ పట్టినవాళ్ళు కొందరు ఇవాళ విజయవాడ ఆటోనగర్‌లోనూ, మైలవరం, తిరువూరు షెడ్లలోనూ ఆ నియమంతోనే అన్నం తింటున్నారు. వాళ్ళు చెప్పిన సంగతులూ, వాళ్ళ షెడ్ల ముందు స్టూలు వేసుకుని నేను చూసినవీ, పుస్తకంలో ఉన్నవీ కలిపి చెబుతాను.

ఉర్దూలో రెండు మాటలున్నాయి. ఒకటి నుమాయిష్, అంటే పైకి కనపడే సొగసు. రెండోది పాయేదారీ. పాయ్ అంటే కాలు. కాళ్ళ మీద గట్టిగా నిలబడే గుణానికి పాయేదారీ అని పేరు. బండిలో వైరింగు సెట్టు కొనేటప్పుడు ఈ రెండింటి మధ్య పేచీ వస్తుంది. ఎందుకంటే కొనేవాడికి కనపడేది తొడుగు, పని చేసేది లోపలి తీగ. చీర కొంటే మడత విప్పి చూస్తాం, పుచ్చకాయ కొంటే గాటు పెట్టించి చూస్తాం. వైరింగు సెట్టును మాత్రం ఎవరూ విప్పించరు. నల్లగా నిగనిగలాడుతోందా, పైన ఎర్రనో నీలమో అల్లిక గొట్టం ఉందా, ఇంతే చూస్తారు.

లోపల ఏముందో చెబుతాను. మంచి తీగలో రాగి పోగులుంటాయి. ఇప్పుడు బజారులో ఇంకో రకం కూడా దొరుకుతోంది: లోపల అల్యూమినియం, పైన పలచగా రాగి పూత. చూపుకు రెండూ ఒకటే. రాగి ధర అల్యూమినియం ధరకు కొన్ని రెట్లు కాబట్టి అమ్మేవాడికి లాభం, కొనేవాడికి చవక. కానీ విద్యుత్తును మోయడంలో అల్యూమినియం శక్తి రాగిలో నూటికి అరవై వంతులే. పూత ఉంది గనుక అరవై అయిదు అనుకుందాం. అంటే అంతే లావు తీగకు నిరోధం ఒకటిన్నర రెట్లు.

పిల్లలూ, ఇది లెక్క, వినండి. ట్రాక్టరుకో జీపుకో ముందు రెండు లైట్లున్నాయి. ఒక్కొక్కటి 60 వాట్లు, బ్యాటరీ 12 వోల్టులు. రెండింటికీ కలిపి 10 ఆంపియర్లు. తీగ పొడుగు 4 మీటర్లనుకోండి. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల అసలు రాగి అయితే నిరోధం సుమారు 0.05 ఓములు. దారిలో పోయేది అర వోల్టు, వేడిగా మారేది 5 వాట్లు. పూత తీగ అయితే 0.8 వోల్టు, 8 వాట్లు. ఇంకా ఘోరం మరొకటి ఉంది. లావుపాటి తొడుగు వేసి లోపల అర చదరపు మిల్లీమీటరు పోగులే పెట్టిన తీగ. చేత్తో పట్టుకుంటే బలంగా ఉంటుంది. దాంట్లో పోయేది 1.6 వోల్టులు, తీగలోనే 16 వాట్ల వేడి. లైటుకు చేరేది పదిన్నర వోల్టులు కూడా కాదు. హాలోజన్ బల్బుకు వోల్టు కొంచెం తగ్గినా వెలుగు చాలా తగ్గుతుంది. ఇక్కడ ఇంచుమించు మూడో వంతు పోతుంది. డ్రైవరు ఏమంటాడు? బల్బు బాగోలేదంటాడు. 100 వాట్ల బల్బు తెచ్చి వేస్తాడు. రెండు బల్బులకు 16 ఆంపియర్లు దాటతాయి. వేడి పెరిగేది ఆంపియర్ల వర్గాన్నిబట్టి గనుక ఆ తీగ ఇక వంటపొయ్యే.

కాబట్టి తీగ కొనేటప్పుడు మన పిల్లలు చేయవలసిన పని, తొడుగు కొస ఒలిచి పోగులు లెక్కపెట్టడం. చుట్ట మీద 14/0.30 అని ఉంటే పద్నాలుగు పోగులు, ఒక్కొక్కటి 0.30 మిల్లీమీటర్ల మందం అన్నమాట. వైశాల్యం కడితే ఒక చదరపు మిల్లీమీటరు వస్తుంది. ఎనిమిదో తరగతి లెక్క. తరువాత ఒక పోగును బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనపడితే అది పూత తీగ. ఇక్కడ ఒక తిరకాసుంది. మంచి తీగల్లో కొన్నింటికి రాగి మీద తగరం పూత ఉంటుంది, తుప్పు పట్టకుండా. అది పైకి తెల్లన, గీకితే ఎర్రన. అల్యూమినియం దానికి తలకిందులు. పైకి ఎర్రన, గీకితే తెల్లన. తెల్లగా ఉందని మంచి తీగను తిరిగి ఇచ్చేసి, ఎర్రగా ఉందని చెడ్డదాన్ని తెచ్చుకునేవాళ్ళను నేను చూశాను. సన్న పోగును లైటరు మంటలో పెట్టినా తెలిసిపోతుంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, రాగికి 1085 కావాలి.

ఇక అతుకులు. ఇక్కడ మన ఉస్తాదులతో నాకు కొంచెం తగవుంది. సోల్డరు వేసిన అతుకు వెండిలా మెరుస్తుంది, చూస్తే ముచ్చటేస్తుంది. రేడియోకు అది మంచిదే. బండి అదురుతుంది. సోల్డరు పోగుల మధ్యకు పాకి కొంతమేర కడ్డీలా బిగుసుకుంటుంది. ఆ కడ్డీ ముగిసి మెత్తటి పోగులు మొదలయ్యే చోట, రోజూ అదిరి అదిరి, ఒక్కొక్క పోగే తెగుతుంది. అందుకే కంపెనీలు బండి వైరింగులో ఎక్కువగా లగ్గులను సోల్డరు పెట్టకుండా నొక్కి బిగిస్తాయి. సరైన పనిముట్టుతో, సరైన కొలతతో నొక్కిన లగ్గు చూపుకు ఆనదు గానీ ఏళ్ళు నిలుస్తుంది. కటింగ్ ప్లేయరుతో నలిపినది మాత్రం అటూ ఇటూ కాదు. ఇంటి వైరింగులో మిగిలిన ఒంటి కడ్డీ తీగను బండికి లాగే అలవాటు కూడా ఈ అదురు వల్లనే పనికిరాదు.

వదులు అతుకు గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి, తల్లులు కూడా వినాలి. చాలామంది ఫ్యూజు ఉంది గదా, ఏమీ కాదులే అనుకుంటారు. ఫ్యూజుకు తెలిసేది ఎన్ని ఆంపియర్లు పోతున్నాయన్నది ఒక్కటే. అతుకు వదులై అక్కడ 0.1 ఓము నిరోధం వచ్చిందనుకోండి. 10 ఆంపియర్లకు ఆ గోరంత చోటులో 10 వాట్ల వేడి పుడుతుంది. ఆంపియర్లు పెరగలేదు, పైగా కాస్త తగ్గాయి. ఫ్యూజు హాయిగా ఉంటుంది, అతుకు మీది టేపు కరుగుతూ ఉంటుంది. ఇక ఫ్యూజు మాటిమాటికీ పోతోందని దాని స్థానంలో సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టే మహానుభావులున్నారు. వాళ్ళ ఆటోలో పిల్లల్ని బడికి పంపవద్దని నేను తల్లిదండ్రులకు ముఖం మీదే చెబుతుంటాను.

తొడుగుల విషయంలో నేను సొగసుకు పూర్తిగా విరోధిని కాను. మెరిసే నల్ల టేపు కొత్తలో అందంగా ఉంటుంది. మన వేసవి 45 డిగ్రీల దాకా పోతుంది, ఇంజను పక్కన ఇంకా ఎక్కువ. ఆ వేడికి టేపు జిగురు కారి, చుట్టు విడిపోయి, దుమ్మంతా అంటుకుంటుంది. గుడ్డ టేపు మొదటి రోజునుంచే మసకగా ఉంటుంది. కానీ రాపిడికి ఆగుతుంది, గడగడ చప్పుడు రానివ్వదు. కార్ల లోపల కంపెనీ వాళ్ళు దాన్ని వాడేది అందుకే. రంగుల అల్లిక గొట్టం రాపిడికి మంచిదే, నీళ్ళను మాత్రం ఆపలేదు. తీగ మీది మామూలు పీవీసీ తొడుగు వేడికి మెత్తదనం పోయి గట్టిపడి పగులుతుంది. సైలెన్సరు దగ్గర, ఇంజను మీద, 125 డిగ్రీలకు ఆగే రకం అడిగి తీసుకోవాలి. మీటరుకు కొద్ది రూపాయలే తేడా.

ఖరీదైన బండి అయితే ఈ బాధ లేదనుకోవద్దు. 1990ల మొదటి సంవత్సరాలలో మెర్సిడెస్ బెంజ్ కంపెనీ కొన్ని మోడళ్ళ ఇంజను వైరింగుకు, పారేసిన తరువాత మట్టిలో కలిసిపోయే రకం తొడుగు వాడింది. ఉద్దేశం మంచిదే. అది బండిలో ఉండగానే ఎండిన రొట్టెలా పొడిపొడి అయింది. పై గొట్టం చక్కగానే ఉండేది, విప్పి తీగను వంచితే రాలిపోయేది.

మరొక సంగతి ఎలుకలు. మామిడి తోటల్లో, గడ్డివాముల పక్కన బండి నిలిపేవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. ఎలుకకు నుమాయిష్‌తోనూ పాయేదారీతోనూ పనిలేదు. హోండా కంపెనీ మిరపకాయ ఘాటు కలిపిన టేపును అమ్ముతోంది, కొరికితే నోరు మండేటట్లు. గుంటూరు వాళ్ళు వింటే ఈ ఉపాయం మాకెందుకు తట్టలేదని బాధపడతారు.

పాత కార్ల కాలంలో రబ్బరు మీద నూలు అల్లిన తీగలుండేవి. పాత బండ్లను బాగుచేయించుకునే షోకీన్లు ఇవాళ కూడా ఆ నూలు అల్లికే కావాలంటారు. తెలిసిన పనివాడు లోపల కొత్తరకం తొడుగున్న రాగి తీగ వేసి, పైన నూలు అల్లిక పెడతాడు. షోకు తీరుతుంది, బండీ నడుస్తుంది. రంగుల మాట కూడా అంతే. తీగలకు రంగులు అందానికి పెట్టలేదు. పాత బ్రిటిష్ పద్ధతిలో నలుపు ఎర్తుకు, గోధుమ రంగు బ్యాటరీకి, నీలం ముందు లైట్లకు, ఎరుపు వెనక లైట్లకు. అది ఒక లిపి. చేతికి దొరికిన రంగు తీగనల్లా వేసి ముగించిన బండి, తప్పుల తడకగా రాసిన ఉత్తరం లాంటిది. తరువాత వచ్చే మెకానిక్ దాన్ని చదవలేక, అన్నీ కోసి మళ్ళీ మొదలుపెడతాడు. తీగలను చక్కగా వరుసగా పోనిచ్చి, క్లిప్పులు బిగించి, రేకు కన్నాలలో రబ్బరు వాషరు పెట్టిన పని చూడటానికీ బాగుంటుంది, నిలవడానికీ నిలుస్తుంది. అటువంటి అందానికి నేను సలాం చేస్తాను.

ఇప్పుడు డబ్బు సంగతి. ఒక కుర్రాడు నాతో అన్నాడు: "మాస్టారూ, మీరు చెప్పినట్టు మంచి తీగ వేస్తే నాకు ఎనిమిది వందలు ఎక్కువవుతుంది. పక్క షెడ్డువాడు రంగు గొట్టం తొడిగి తక్కువకే ఇస్తాడు. బండివాడు అటే పోతాడు. నేనేం చేయను?" ఈ ప్రశ్న న్యాయమైనది. ఆ కుర్రాడిని నిందించి ప్రయోజనం లేదు. కనపడని సరుకును అమ్మడం కష్టం. అందుకని కనపడేటట్లు చేయమన్నాను. బండివాడి ఎదుటే రెండు తీగలు ఒలిచి, గీకి, పోగులు లెక్కపెట్టి చూపించు. పాత సెట్టులో నల్లబడిన లగ్గును కోసి అతని చేతిలో పెట్టు. బిల్లులో "వైరింగు" అని ఒక్క ముక్క రాయకుండా తీగ కొలతా, ఎన్ని మీటర్లు పట్టిందీ రాసివ్వు. అందరూ ఆగరు, నిజమే. ట్రాక్టరు ట్రక్కు వెనక లైటు వెలగక, రాత్రిపూట మన ఈ తిరువూరు రోడ్డు మీద మోటారు సైకిలువాడు గుద్దుకున్న సంగతి ఊళ్ళో తెలిసినవాళ్ళు కొందరైనా ఆగుతారు. ఆ ట్రక్కుల్లో లోపం ఎక్కువసార్లు బల్బులో ఉండదు, తుప్పు పట్టిన ఎర్తులో ఉంటుంది. ఎర్తుకు చాసిస్ రేకును నమ్ముకోకుండా ప్లగ్గు దాకా విడిగా ఒక తీగ లాగితే తీరిపోతుంది.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. సంఘానికి నా మనవి ఒక్కటి. పనిముట్ల జాబితాలో మెరిసే రేకు పెట్టె, అందులో నలభై రకాల స్పానర్లు రాసి ఉన్నాయి. పంచేటప్పుడు ఫోటోకు అది బాగుంటుంది. ఆ డబ్బుతోనే ఒక్కొక్కరికి లగ్గులు నొక్కే మంచి క్రింపింగ్ పనిముట్టు, మల్టీమీటరు, తొడుగు ఒలిచే స్ట్రిప్పరు, టెస్టు ల్యాంపు వస్తాయి. వాటిని గుడ్డసంచిలో పెట్టి ఇచ్చినా సరిపోతుంది. ధరలు ఆటోనగర్‌లో నాలుగు దుకాణాల్లో కనుక్కుని కాగితం మీద రాసి తెచ్చాను, కార్యదర్శిగారికి ఇస్తున్నాను.