పక్షుల ఛాయాచిత్రణము

పక్షులకు ఫోటో తీయుట వేటవంటిదని కొందరందురు. ఆ పోలిక సగమే నిజము. వేటగానివలెనే ఛాయాగ్రాహకునికిని ఓర్పు కావలెను. పక్షి నడవడి తెలియవలెను. కాని వేట ముగిసిన పిమ్మట పక్షి మిగులదు. ఫోటో తీసిన పిమ్మట పక్షి తన పనిలో తానుండవలెను. టెలిఫోటో లెన్సు మనకు పక్షిని దగ్గర చేయుటకంటె, మనలను పక్షికి దూరముగా నుంచుటకే ఎక్కువ ఉపకరించునని మా అభిప్రాయము.

50 మిల్లీమీటర్ల లెన్సుకంటె 400 మిల్లీమీటర్ల లెన్సు బొమ్మను ఎనిమిది రెట్లు పెద్దది చేయును. 40 గజముల దూరమందలి పిట్ట 5 గజముల చెంత నున్నట్లు తోచును. అయితే చేతి వణకు కూడ అట్లే పెరుగును. కావున చేతితో పట్టి తీయునపుడు షట్టరు సెకనులో 500వ వంతుకు మించి తెరచి యుండరాదు. ఎగురు పక్షికి 2000వ వంతు మేలు. వణకు నణచు ఏర్పాటు నేటి లెన్సులలో కలదు గాని, అది పక్షి కదలికను ఆపలేదు. 10 మీటర్ల దూరమున స్పష్టముగా పడు లోతు ఇంచుమించు జానెడు మాత్రమే. అందుచేత గురి పక్షి కంటిమీదనే నిలుపవలెను.

ఈ విద్య నేర్చుటకు మన ప్రాంతము మంచి బడి. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలినది మొదలు ఎడమ కాలువక్రింద వరిపొలములు విస్తరించినవి. మిర్యాలగూడ పొలములలో దమ్ము చేయు ట్రాక్టరు వెంట పురుగులకై కొంగలు మూగును. గట్టుపై కదలక కూర్చున్నవానిని అవి లెక్కచేయవు. నల్లని బురదను చూచి కెమెరా వెలుతురును పెంచును. కొంగ తెల్లని మచ్చయై ఈకలు మాయమగును. అచ్చట వెలుతురు తగ్గించవలెను. కోదాడ చెరువులో మోడుపై రెక్కలారబెట్టుకొను నీటికాకికి, వెనుక ఆకాశము తెల్లగా నున్నచో, పెంచవలెను. వేసవిలో ప్రొద్దెక్కిన పిమ్మట నేలనుండి లేచు వేడిగాలి దూరపు బొమ్మను అలలవలె చెదరగొట్టును. ఎంత ఖరీదైన లెన్సును దానిని సరిదిద్దలేదు. కావున తెల్లవారుజామునే బయలుదేరుడు.

పాలపిట్టను 2014లో తెలంగాణ రాష్ట్రపక్షిగా ప్రకటించిరి. అది కొమ్మపైనుండి పురుగుమీద వాలి, తరచు ఆ కొమ్మకే తిరిగివచ్చును. దానిని వెంబడింపక, ఆ కొమ్మకు గురి కుదుర్చుకొని వేచియున్నచో రెక్కల నీలిమ యంతయు పటమున దక్కును. దసరానాడు దాని దర్శనము శుభమని మన నమ్మకము. అందుకై దానిని పట్టి, రెక్కలు కట్టి చూపి డబ్బడుగువారు కొన్నిచోట్ల కలరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని నిషేధించుచున్నది. స్వేచ్ఛగా నున్న పిట్ట ఫోటో ఒకటి ఇంటిగోడపై నున్నచో, పంజరములోని పిట్టకు రూపాయి ఇచ్చుటకు మనసొప్పదు.

ఇక గూళ్ళ సంగతి. సూర్యాపేట పరిసరములలోని చెలకలలో తీతువుపిట్ట గూడు కట్టక, వట్టి నేలపైననే గులకరాళ్ళవంటి గ్రుడ్లు పెట్టును. ఎండవేళ పొట్ట ఈకలు నీట తడిపి వచ్చి వానిని చల్లబరచును. మనము దగ్గరకు పోయినచో తల్లి అరచుచు చుట్టు తిరుగును. ఆ దృశ్యము ఫోటోకు రమ్యముగా తోచును. కాని ఆ కొద్ది నిమిషములలో గ్రుడ్లు ఎండకు మాడుచుండును, కాకులకు జాడ తెలియును. గిజిగాని గూటికి అడ్డమైన ఆకులు త్రుంచుటయు ఇట్టిదే.

మేము క్రొత్తవారికి చెప్పు నియమ మొక్కటే: పక్షి తిండి మాని, పని మాని మనవంక చూచినచో, మనము హద్దు దాటితిమని గ్రహించి వెనుకకు తగ్గవలెను. చిత్రము మరునాడైనను దొరకును. చల్లారని గ్రుడ్డు మాత్రము మరల పిల్ల కాదు.