కంప్లైంట్ పెట్టినందుకు పని నుంచి తీసేస్తే?

(యూఏఈలో ఉన్న మన కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. డ్యూటీ వల్ల రాలేకపోయిన వాళ్ల కోసం ఇక్కడ పెడుతున్నాం. మీ రూములో వాళ్లకు కూడా పంపండి.)



ఇవ్వాళ ఒక్క విషయమే మాట్లాడుకుందాం. రెండు నెలల జీతం ఆగుతుంది. ఓటీ గంటలు రాయరు. పాస్‌పోర్టు ఆఫీసులోనే పెట్టుకుంటారు. ఇవన్నీ తప్పని మనకు తెలుసు. అయినా లేబర్ ఆఫీసు దాకా పోము. ఎందుకంటే, "కంప్లైంట్ పెడితే క్యాన్సిల్ చేసి ఇంటికి పంపిస్తారు, ఊళ్లో అప్పు ఎవరు కడతారు?" అనే భయం. ఆ భయం ఉత్తది కాదు. అట్లా చేసే యజమానులు ఉన్నారు కాబట్టే చట్టంలో దాని మీద కూడా ఒక మాట రాశారు.

ఇక్కడి లేబర్ చట్టం 2021లో వచ్చిన 33వ నంబరు ఫెడరల్ చట్టం. 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది. అందులో 47వ ఆర్టికల్ గుర్తుపెట్టుకోండి. కార్మికుడు మంత్రిత్వ శాఖకు గట్టి ఫిర్యాదు ఇచ్చాడనో, కేసు వేశాడనో యజమాని పని నుంచి తీసేస్తే, ఆ ఫిర్యాదు నిజమని తేలితే, ఆ తొలగింపు అన్యాయమైనది. దానికి మూడు నెలల జీతం వరకు నష్టపరిహారం ఇప్పించవచ్చు. నోటీసు డబ్బులు, గ్రాట్యుటీ దీనికి అదనం.

లెక్క చూద్దాం. మీ బేసిక్ 900 దిర్హాములు, అలవెన్సులతో కలిపి 1,200 అనుకోండి. నాలుగేళ్లు పనిచేశారు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున గ్రాట్యుటీ వస్తుంది. రోజుకు 30 చొప్పున ఏడాదికి 630, నాలుగేళ్లకు 2,520 దిర్హాములు. పరిహారం గరిష్ఠంగా 3,600. నోటీసు కనీసం 30 రోజులు ఇవ్వాలి, ఇవ్వకపోతే ఆ రోజుల జీతం కట్టాలి. పని ముగిసిన 14 రోజుల్లోపు మీ బాకీలన్నీ తీర్చాలి. ఇదేమీ కంపెనీ దయ కాదు, మీ చెమట.

"ఫిర్యాదు నిజమని తేలితే" అన్న మాట దగ్గర ఆగండి. కోపంలో నాలుగు మాటలు చెబితే చాలదు. ఏ నెల జీతం రాలేదు, ఎన్ని గంటల ఓటీ, ఏ తేదీన అడిగితే ఏమన్నారు, ఇవి రాసిపెట్టుకోండి. కాంట్రాక్టు కాపీ, బ్యాంకు మెసేజీలు, డ్యూటీ షీట్ల ఫోటోలు, సూపర్‌వైజర్ పంపిన వాట్సాప్ మెసేజీలు దాచండి. ఒక కాపీ ఇంటికి పంపండి. ఫోన్ పోయినా కాగితం మిగులుతుంది.

ఇక మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది నాలుగు చోట్ల.

ఒకటి, డ్యూటీ మానేయడం. జీతం రాలేదని అలిగి రూములో కూర్చుంటే కంపెనీకి మీరే ఆయుధం ఇచ్చినట్టు. సరైన కారణం లేకుండా వరుసగా ఏడు రోజులు దాటి రాకపోతే నోటీసు లేకుండా తీసేయవచ్చు, పారిపోయాడని రిపోర్టు కూడా ఇవ్వవచ్చు. అప్పుడు న్యాయం మీ వైపు ఉన్నా మీరు ఖల్లివల్లి లెక్కలోకి పోతారు. డ్యూటీకి పోతూనే కంప్లైంట్ పెట్టండి. అందరూ కలిసి పని ఆపడం కూడా వద్దు. సమ్మె ఇక్కడ చట్టవిరుద్ధం. అందరూ కలిసి ఫిర్యాదు చేయవచ్చు.

రెండు, దొంగచాటుగా రికార్డు చేయడం, ఫేస్‌బుక్‌లో వీడియో పెట్టడం. అనుమతి లేకుండా ఒకరి మాట రికార్డు చేయడం ఇక్కడ నేరం. వాట్సాప్‌లో బూతులు తిట్టినా కేసే. జీతం అడగబోయి మనమే నిందితులం కావద్దు.

మూడు, సంతకం. క్యాన్సిలేషన్ కాగితంలో "నాకు రావాల్సినవన్నీ ముట్టాయి" అని ఉంటుంది. డబ్బు చేతికి రాకముందు దాని మీద సంతకం పెట్టకండి. ఖాళీ కాగితం మీద అసలే వద్దు. ఏం రాశారో తెలియకపోతే చదివించుకునే దాకా ఆగండి.

నాలుగు, ఆలస్యం. పని ముగిసిన రోజు నుంచి రెండేళ్లు దాటితే కేసు తీసుకోరు. ఇంటికి పోయాక చూద్దాంలే అనుకుంటే తిరిగి రావడం, సాక్ష్యం తేవడం ఎంత కష్టమో మీకే తెలుసు.

కంప్లైంట్ ఎట్లా పెట్టాలి? మంత్రిత్వ శాఖ యాప్‌లో పెట్టవచ్చు, లేదా 80084కు ఫోన్ చేయవచ్చు. ముందు ఇద్దరినీ రాజీకి పిలుస్తారు. 50,000 దిర్హాముల లోపు తగాదాల్లో 2024 నుంచి మంత్రిత్వ శాఖే తీర్పు ఇవ్వగలదు. అంతకు మించితే, రాజీ కుదరకపోతే కోర్టుకు పంపుతారు. లక్ష దిర్హాముల లోపు కేసుకు కార్మికుడు కోర్టు ఫీజు కట్టక్కర్లేదు. పాస్‌పోర్టు లాక్కోవడం, పని ముగియగానే దేశం విడిచిపొమ్మని బలవంతం చేయడం చట్టం ఒప్పుకోదు. కేసు నడిచేటప్పుడు పర్మిట్ లేకుండా వేరే చోట పని మాత్రం చేయకండి.

ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లకు, డ్రైవర్లకు 2022లో వచ్చిన వేరే చట్టం ఉంది. వాళ్లూ మంత్రిత్వ శాఖకే ఫిర్యాదు చేయాలి. దుబాయ్‌లో మన కాన్సులేట్ వాళ్ల ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం నంబరు 800 46342. ఫోన్‌కు డబ్బులు పడవు.

చివరిగా ఒక మాట. చట్టం మనల్ని వెతుక్కుంటూ క్యాంపుకు రాదు. ఒక్కరుగా పోవడానికి భయమైతే ముందు ఈ గ్రూపులో చెప్పండి. కాగితాలు కలిసి చూద్దాం, లెక్క కలిసి వేద్దాం. ఈ రాత్రే మీ కాంట్రాక్టు తీసి బేసిక్ ఎంత రాశారో చూసుకోండి. అక్కడి నుంచి మొదలుపెడదాం.

సెలవు.