ఐదు రక్షణలు ఉన్నా డేటా ఎందుకు పోయింది? స్టోరేజ్ వాల్యూమ్స్, హై అవైలబిలిటీ అసలు కథ

ఈ ఎపిసోడ్‌ని మీ చేతిలో ఉన్న ఫోన్‌తోనే మొదలుపెడదాం.

మీ ఫొటోలన్నీ గూగుల్ ఫొటోస్‌లో సింక్ అవుతున్నాయి అనుకోండి. అదే ఫొటో ఫోన్‌లో కనిపిస్తుంది, ట్యాబ్‌లో కనిపిస్తుంది, ల్యాప్‌టాప్‌లో ఓపెన్ చేసినా కనిపిస్తుంది. "మూడు చోట్ల ఉంది కదా, ఇంకేం భయం" అనుకుంటాం. ఇప్పుడు ఫోన్‌లో ఆ ఫొటోని యాప్‌లోంచి డిలీట్ కొట్టండి. మూడు చోట్లా మాయం! ట్రాష్ అని ఒకటి ఉంది కాబట్టి కొన్నాళ్లపాటు బతికిపోతాం. అది కూడా ఖాళీ చేస్తే ఇక అంతే.

ఈ ఎపిసోడ్ మొత్తంలో నేను చెప్పేది ఒక్కటే. డేటా ఎప్పుడూ అందుబాటులో ఉండటం వేరు, పోయిన డేటాని తిరిగి తెచ్చుకోగలగడం వేరు. మొదటిదాన్ని హై అవైలబిలిటీ అంటారు, రెండోది బ్యాకప్. పెద్ద పెద్ద డేటా సెంటర్లు నడిపేవాళ్లు కూడా ఈ రెండింటినీ కలిపేసుకుని దెబ్బతిన్నారు. ఎలాగో చూద్దాం.

ముందు వాల్యూమ్ అంటే ఏంటి?

డేటా సెంటర్‌లో వందల డిస్కులు ఉంటాయి. ఒక్కో అప్లికేషన్‌కి ఒక్కో డిస్క్ అని కేటాయిస్తే ఒకదాంట్లో చోటు చాలదు, ఇంకోదాంట్లో సగం ఖాళీగా పడి ఉంటుంది. అందుకని మధ్యలో ఒక పొర పెడతారు. లినక్స్‌లో దాన్ని ఎల్‌వీఎం అంటారు, అంటే లాజికల్ వాల్యూమ్ మేనేజర్.

మన ఊళ్లో గాదె గుర్తుందా? నాలుగు పొలాల నుంచి వచ్చిన ధాన్యం బస్తాలన్నీ ఒకే గాదెలో పోస్తారు. ఆ తర్వాత ఎవరికి ఎంత కావాలో అంత కొలిచి ఇస్తారు. ఏ గింజ ఏ బస్తాలోంచి వచ్చిందో ఎవరూ అడగరు. ఎల్‌వీఎం కూడా అంతే. బస్తాలు ఫిజికల్ వాల్యూమ్‌లు, అంటే అసలు డిస్కులు. గాదె వాల్యూమ్ గ్రూప్. కొలిచి ఇచ్చింది లాజికల్ వాల్యూమ్. డేటాబేస్‌కి చోటు చాలకపోతే గాదెలో ఇంకో బస్తా పోసి దాని వాల్యూమ్‌ని పెంచేయొచ్చు. చాలాసార్లు సర్వర్ ఆపాల్సిన పని కూడా ఉండదు.

ఎల్‌వీఎంలో ఇంకో మంచి సదుపాయం ఉంది, దాని పేరు స్నాప్‌షాట్. ఈ క్షణంలో వాల్యూమ్ ఎలా ఉందో అలాగే గుర్తుపెట్టుకోవడం. అప్పటికప్పుడు మొత్తం కాపీ చేయదు. తర్వాత ఏదైనా బ్లాక్ మారబోతుంటే, మారకముందు ఉన్న పాత బ్లాక్‌ని పక్కన దాచిపెడుతుంది. అందుకే స్నాప్‌షాట్ సెకన్లలో అయిపోతుంది. కానీ ఒక్క విషయం మర్చిపోకండి. స్నాప్‌షాట్ ఉండేది ఆ డిస్కుల మీదే. డిస్కులు పోతే అదీ పోతుంది.

మరి డిస్క్ పోతే ఎలా?

దానికి రెయిడ్ ఉంది. రెయిడ్ 1లో ఒకే డేటాని రెండు డిస్కుల్లో రాస్తారు. రెయిడ్ 5లో ఒక డిస్క్ పోయినా నడుస్తుంది, రెయిడ్ 6లో రెండు పోయినా నడుస్తుంది.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్తాను. నా మొదటి ఉద్యోగంలో నైట్ షిఫ్ట్ చేసేవాడిని. ఒక స్టోరేజ్ బాక్స్ మీద నారింజ రంగు లైటు వెలుగుతూ ఉండేది. రోజూ దాని పక్కనుంచే నడిచేవాళ్లం. సిస్టమ్ బాగానే పనిచేస్తోంది కదా అని ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు. అది రెయిడ్ 5. ఒక డిస్క్ ఎప్పుడో పోయింది, ఆ లైటు దానికే. కొన్ని వారాల తర్వాత రెండో డిస్క్ కూడా పోయింది. తెల్లారేసరికి ఆ వాల్యూమ్ లేదు. బ్యాకప్ టేప్ ఉంది కాబట్టి రెండు రోజుల్లో తేరుకున్నాం. ఆ రెండు రోజులు మా టీమ్ లీడ్ మొహం నాకు ఇంకా గుర్తుంది.

చూశారా, రెయిడ్ తన పని తాను సరిగ్గానే చేసింది. మొదటి డిస్క్ పోయినా ఎవరికీ ఇబ్బంది రానివ్వలేదు. ఆ ఇబ్బంది రాకపోవడమే మమ్మల్ని నిద్రపుచ్చింది.

ఇప్పుడు హై అవైలబిలిటీకి వద్దాం.

ఒక సర్వర్ పడిపోతే ఇంకోటి వెంటనే బాధ్యత తీసుకోవాలి. దీన్ని ఫెయిలోవర్ అంటారు. సర్వీస్ ఎంత సేపు నడుస్తుందో పర్సెంటేజ్‌లో కొలుస్తారు. 99.9 శాతం అంటే వినడానికి గొప్పగా ఉంటుంది కానీ, సంవత్సరంలో దాదాపు 8 గంటల 45 నిమిషాలు ఆగిపోవచ్చని దాని అర్థం. 99.99 అయితే సుమారు 52 నిమిషాలు. 99.999 అయితే 5 నిమిషాల పైచిలుకు మాత్రమే.

దీనికోసం ఒక సర్వర్‌లో రాసిన ప్రతిదీ రెండో సర్వర్‌కి పంపిస్తూ ఉంటారు. అదే రిప్లికేషన్. ఇక్కడే అసలు చిక్కు. మంచి డేటా ఎంత వేగంగా అవతలికి వెళ్తుందో, తప్పు కూడా అంతే వేగంగా వెళ్తుంది. ఒక టేబుల్‌ని పొరపాటున డిలీట్ చేస్తే ఆ డిలీట్ కూడా రెప్లికాకి చేరిపోతుంది. మన ఫొటోల కథే ఇది.

ఇప్పుడు నిజంగా జరిగిన కథ. 2017 జనవరి 31. గిట్‌ల్యాబ్ తెలుసు కదా, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైట్. ఆ రోజు రాత్రి వాళ్ల డేటాబేస్ మీద లోడ్ పెరిగి, రెండో సర్వర్ మెయిన్ సర్వర్‌తో సింక్ తప్పిపోయింది. మళ్లీ మొదటి నుంచి కాపీ చేయాలి. ఒక ఇంజనీర్ ప్రయత్నిస్తున్నాడు, అవ్వట్లేదు. రెండో సర్వర్‌లో ఉన్న పాత ఫోల్డర్ అడ్డం వస్తోందేమో అనుకుని దాన్ని తీసేయడానికి కమాండ్ కొట్టాడు. కానీ ఆ కమాండ్ కొట్టింది మెయిన్ సర్వర్ మీద. ఒకటి రెండు సెకన్లలో తెలిసి ఆపేశాడు. అప్పటికే సుమారు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. రెండో సర్వర్‌లో కూడా పనికొచ్చే డేటా లేదు, దాన్నే కదా బాగుచేస్తున్నారు.

సరే, బ్యాకప్‌లు ఉన్నాయి కదా అని వెతకడం మొదలుపెట్టారు. రోజూ క్లౌడ్‌కి వెళ్లాల్సిన డేటాబేస్ డంప్ కోసం చూస్తే ఫోల్డర్ ఖాళీ. డేటాబేస్ వెర్షన్ 9.6, డంప్ తీసే టూల్ 9.2. వెర్షన్లు కలవక ప్రతిసారీ ఫెయిల్ అవుతోంది. ఫెయిల్ అయినట్టు ఈమెయిల్ వెళ్లాలి, కానీ సరైన ఆథెంటికేషన్ లేక ఆ ఈమెయిల్స్‌ని అవతలి సర్వర్ తిరస్కరిస్తోంది. క్లౌడ్ డిస్క్ స్నాప్‌షాట్‌లు ఉన్నాయా అంటే, డేటాబేస్ సర్వర్లకి ఆన్ చేయనేలేదు. ఐదు రకాల బ్యాకప్, రిప్లికేషన్ పద్ధతులు పెట్టుకున్నాం, ఒక్కటీ సరిగ్గా పనిచేయట్లేదు అని వాళ్లే ఆ రాత్రి బహిరంగంగా రాసుకున్నారు.

మరి ఏం కాపాడింది? ఒక ఎల్‌వీఎం స్నాప్‌షాట్! అది కూడా బ్యాకప్ కోసం తీసింది కాదు. టెస్టింగ్ సర్వర్‌లో పెట్టుకోవడానికి ఆరు గంటల ముందు ఒక ఇంజనీర్ చేత్తో తీసింది. అది వేరే సర్వర్‌లోకి కాపీ అయి ఉంది కాబట్టి బతికింది. అక్కడి డిస్కులు నెమ్మది, కాపీ అయ్యేసరికి గంటలు గడిచాయి. సుమారు 18 గంటల తర్వాత సైట్ లేచింది. ఆ ఆరు గంటల్లో చేరిన డేటా మాత్రం పోయింది. దాదాపు 5,000 ప్రాజెక్టులు, 5,000 కామెంట్లు, 700 కొత్త యూజర్ అకౌంట్లు దెబ్బతిన్నాయి. కోడ్ రిపాజిటరీలు వేరే చోట ఉండటంతో అవి పోలేదు.

ఇందులో నాకు నచ్చింది ఏంటంటే, వాళ్లు ఏదీ దాచలేదు. రికవరీని యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు. తర్వాత తప్పుల్ని వివరంగా రాశారు. ఆ ఇంజనీర్‌ని బలిపశువుని చేయలేదు. ఎందుకంటే అసలు తప్పు ఒక్క కమాండ్‌ది కాదు. రీస్టోర్ అవుతుందో లేదో ఎవరూ చెక్ చేయకపోవడం.

ఇంకో కథ చిన్నదే. 2018 అక్టోబర్ 21, ఈసారి గిట్‌హబ్. నెట్‌వర్క్ పరికరం ఒకటి మారుస్తుంటే, అమెరికా తూర్పు తీరంలోని డేటా సెంటర్‌కి కనెక్షన్ తెగింది. ఎంతసేపు? కేవలం 43 సెకన్లు! ఆ గ్యాప్‌లోనే ఫెయిలోవర్ సాఫ్ట్‌వేర్ తూర్పు పడిపోయిందనుకుని పడమటి తీరాన్ని మెయిన్ చేసేసింది. తూర్పులో కొన్ని రాతలు పడమరకి చేరలేదు. పడమరలో కొత్త రాతలు మొదలయ్యాయి. ఒకే ఇంటి లెక్కల పుస్తకాన్ని ఇద్దరు చెరో చోట రాస్తే ఎలా ఉంటుందో అలా అయింది. సర్వీస్ మళ్లీ మామూలు స్థితికి రావడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. సైట్ త్వరగా లేపడం కన్నా డేటా సరిగ్గా ఉండటమే ముఖ్యమని వాళ్లు నిర్ణయించుకున్నారు.

ఇలాంటివి రాకూడదనే క్లస్టర్లలో కోరం పెడతారు. పంచాయతీలో మెజారిటీ ఉన్నవాళ్ల మాటే చెల్లినట్టు, సగానికన్నా ఎక్కువ సర్వర్లు కలిసి ఉన్న వైపే నడవాలి. అందుకే మూడు, ఐదు ఇలా బేసి సంఖ్యలో పెడతారు. రెండో వైపుని పూర్తిగా ఆపేయడాన్ని ఫెన్సింగ్ అంటారు. అవసరమైతే దాని కరెంట్ కూడా తీసేస్తారు. కానీ గిట్‌హబ్‌లో కూడా ఓటింగ్ ఉంది, మెజారిటీ కూడా వచ్చింది! ఓటు ఎవరు మెయిన్ అనేది తేల్చగలదు. అప్పటికే చేరని రాతల్ని చేర్చలేదు.

సరే, మనం ఏం చేయాలి? మూడు మాటలు.

ఒకటి, మూడు కాపీలు ఉంచండి. రెండు వేర్వేరు రకాల మీడియాలో, ఒకటి వేరే ఊళ్లో లేదా వేరే క్లౌడ్‌లో.

రెండు, బ్యాకప్ అయిందా అని అడగొద్దు. రీస్టోర్ అయిందా అని అడగండి. ఈ రోజే మీ వాట్సాప్ బ్యాకప్ చివరిసారి ఎప్పుడు అయిందో సెట్టింగ్స్‌లో చూడండి. చాలామందికి అక్కడ షాక్ తగులుతుంది.

మూడు, లినక్స్, క్లౌడ్ ఉద్యోగాల కోసం ప్రిపేర్ అయ్యేవాళ్లు చదివి వదిలేయకండి. ల్యాప్‌టాప్‌లో ఒక వర్చువల్ మెషిన్ పెట్టి, మూడు ఖాళీ డిస్కులు తగిలించండి. వాటితో వాల్యూమ్ గ్రూప్ చేయండి, లాజికల్ వాల్యూమ్ చేయండి, స్నాప్‌షాట్ తీయండి, వేరే చోటికి కాపీ చేయండి. తర్వాత కావాలనే ఒక డిస్క్ పీకేయండి. అక్కడి నుంచి డేటాని తిరిగి తెచ్చుకోండి. ఇంటర్వ్యూలో ఏం అడిగినా ఆ ఒక్క సాయంత్రం మీకు జవాబిస్తుంది.

ఇంకో మాట. మీరు రేపు ఏ డేటా సెంటర్‌లో చేరినా, నారింజ లైటు వెలుగుతుంటే పక్కనుంచి నడిచి వెళ్లిపోకండి. ఆగి, ఎందుకు వెలుగుతోందో అడగండి.

మీ వాట్సాప్ బ్యాకప్ డేట్ ఎంతుందో కామెంట్‌లో నిజాయితీగా చెప్పండి. మళ్లీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. అంతవరకూ సెలవు.