పాత మస్టాంగ్, పెద్ద ఇంజిన్, ఏసీ

అమెరికాలో 1965 నాటి ఫోర్డ్ మస్టాంగ్‌లో 289 ఇంజిన్ దించి, 351 విండ్సర్ అనే పెద్ద ఇంజిన్ ఎక్కించేవాళ్లు ఉన్నారు. మరి ఏసీ సంగతి? కొత్త ఇంజిన్ బ్లాకు ఒకటింబావు అంగుళం ఎత్తెక్కువ. పాత బ్రాకెట్లు కుదరవు. కంప్రెసర్ పుల్లీ మిగతావాటితో ఒకే వరుసలో లేకపోతే బెల్టు కీచుమంటుంది, చివరికి తెగుతుంది. ఆనాటి రెండు పిస్టన్ల యార్క్ కంప్రెసర్ బరువెక్కువ, అదురూ ఎక్కువే. పాత రూపమే కావాలనే ఛాందసులు ఏమన్నా సరే, చిన్న శాండెన్ కంప్రెసరే నయం. అసలు చిక్కు వేడితోనే. కండెన్సర్ ఉండేది రేడియేటర్‌కు ముందు. కండెన్సర్ వదిలిన వేడిగాలే వెనకున్న రేడియేటర్‌కు అందుతుంది. కాబట్టి పెద్ద రేడియేటర్, ఫ్యాన్ చుట్టూ ష్రౌడ్ తప్పవు. ఇక ఏసీ గ్యాస్ సంగతి. పాత ఏసీల్లో వాడిన ఆర్-12 గ్యాస్ తయారీ అమెరికాలో 1995తో ఆగింది. దాని బదులు ఆర్-134ఏ నింపించేముందు పాత ఆయిల్ కడిగించి, డ్రయ్యర్ మార్పించండి.