నమ్మకానికి లెక్కుండాలె
(మాక్లూర్ సభలో చేసిన ప్రసంగం)



మనిషిని నమ్మాలె అని మనకే నీతులు చెప్తరు. మనం నమ్మలేదా? దొర మాట నమ్మి మన తాతలు తెల్లకాగితం మీద ఏలిముద్ర ఏసిండ్రు. ఆ దొర మనల్ని నమ్మి మంచినీళ్ల బాయి తొక్కనిచ్చిండా?

చుండూరును యాది చేసుకుందాం. 1991 ఆగస్టు 6న 8 మంది దళితులను నరికి చంపారు. బాధితులు కొట్లాడి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. అయినా సాక్షులు ఒకరినొకరు నమ్ముకుని నిలబడ్డారు గనుకనే కేసు అంతదూరం నడిచింది.

అందుకే మేమనేది: పైనున్నోడు నమ్మకాన్ని సంపాయించుకోవాలె. కూలి రేటు కాగితం మీద, రశీదు మన చేతిల ఉండాలె. మన వాడల మాత్రం ముందుగాల మనమే నమ్మాలె. పరీక్షలు పెట్టుకుంట కూసుంటే సంఘమే పుట్టదు. ఆ సంఘం గూడ నెలనెలా లెక్క చదివి ఇనిపియ్యాలె.

జై భీమ్!