డిజైన్ల డబ్బా తెరుచుకోకపోతే
(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



కంప్యూటర్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఒక్క విషయమే చెప్తాను. జాకార్డు అట్టలు అటక మీద ఉన్నప్పుడు మనకు ఎలుకల భయం. ఇప్పుడు చద్దర్ల డిజైన్లు, టవల్ అంచులు, బాకీల లెక్కలు, పెండ్లి ఫోటోలు అన్నీ నాలుగు డిస్కులున్న ఒక డబ్బాలోకి పోయినయి. "ఒక డిస్కు చెడినా ఏం గాదు" అని అమ్మేటోళ్ళు చెప్తారు. అది నిజమే. రెయిడ్ 5 పద్ధతిలో మూడు డిస్కులంత సరుకు, ఒక డిస్కంత లెక్క ఉంటుంది. ఒకటి పోతే మిగతా మూడింటి నుంచి లెక్కగట్టి తేవచ్చు. రెండు పోతే తేలేం. డిస్కులన్నీ తిరుగుతూనే ఉండి ఫైళ్ళు మాయమయ్యే కష్టం ఇంకొకటి ఉంది. దాని గురించి ఎవరూ చెప్పరు.

పోయిన ఎండాకాలం మా పేటలో ఒక కార్ఖానాలో అదే అయింది. రాత్రి కరెంటు నాలుగైదు సార్లు పోయి వచ్చింది. తెల్లారి చూస్తే డబ్బా లైట్లు వెలుగుతున్నయి, తెర మీద మాత్రం "వాల్యూమ్ లేదు, కొత్తగా తయారు చేయాలా?" అని ఉంది. ఆ ఇంటి పిల్లగాడు "అవును" నొక్కబోతే నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. "పోగు తెగితే మొదలు సాంచ ఆపాలె బిడ్డా" అంది. ఆమెకు కంప్యూటర్ తెలియదు. ఆ మాటే వాళ్ళ డిజైన్లను కాపాడింది.

మన చిట్టా, ఆవర్జా గుర్తు తెచ్చుకోండి. ఏ ఫైలు డిస్కులో ఎక్కడుందో రాసి ఉండేది ఆవర్జా, అదే ఫైల్‌సిస్టమ్. అందులోకి ఎక్కించే ముందు జర్నల్ అనే చిట్టాలో రాసుకుంటుంది. కరెంటు పోతే మామూలుగా చిట్టా చూసి సర్దుకుంటుంది. ఆవర్జా మొదటి పేజీయే చెడితే సరుకు అంతా ఉన్నా దారి తెలియదు.

నన్ను పిలిచినప్పుడు ముందు డిస్కుల హాజరు చూశాను. నాలుగు 'యు' అక్షరాలు వరుసగా ఉంటే నాలుగూ పనిలో ఉన్నట్టు, మధ్యలో గీత ఉంటే ఒకటి బయటపడ్డట్టు. ఇక్కడ నాలుగూ ఉన్నయి. అయినా స్మార్ట్ రిపోర్టులో మూడో డిస్కులో చదవరాని జాగాలు కనిపించినయి. ఇట్లాంటప్పుడు తొందరపడి రీబిల్డ్ నొక్కొద్దు. మిగతా డిస్కులన్నీ మొదటి నుంచి చివరిదాకా చదవాల్సి వస్తుంది, అలసిన ఇంకొకటి ఆ బరువుకే పడిపోతుంది.

డిస్కులకు వరుస నంబర్లు అంటించి, నాలుగింటికీ నకళ్ళు తీశాం. డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం బాగున్న జాగాలను ముందు తీసుకుని, చెడ్డవాటి దగ్గరికి తర్వాత వస్తుంది. యజమాని అన్న "కొత్త డిస్కుల ఖర్చు ఎందుకయ్యా" అని గొణిగిండు. నేను వినలేదు, మరమ్మతు నకలు మీదే చేయాలి.

వాళ్ళది ఈఎక్స్‌టీ4. దాని మొదటి పేజీకి ప్రతులు వేరే చోట్ల ఉంటాయి, మామూలుగా ఒకటి 32768వ బ్లాకులో. ఆ ప్రతితో తనిఖీని ముందు "చూడు, ముట్టకు" పద్ధతిలో నడిపాం. తప్పుల జాబితా చదివాకే దిద్దమన్నాం. మీ డబ్బాలో ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఉంటే, చిట్టాను పారేసే పెద్ద 'ఎల్' ఆప్షన్ ఆఖరి గతి అయితేనే వాడండి.

చాలా ఫైళ్ళు పేర్లతోనే వచ్చినయి. కొన్ని మాత్రం పేరు లేక, ఉత్త నంబర్లతో లాస్ట్ ప్లస్ ఫౌండ్ ఫోల్డరులో పడ్డయి. నాయనమ్మ పక్కన కూర్చుని, ఒక్కొక్కటి తెరుస్తుంటే "ఇది మీ తాత వేసిన నెమలి, ఇది కొత్తది" అని చెప్తూ పోయింది. పిల్లగాడు పేర్లు రాసుకున్నడు. రెండు తెరుచుకోనే లేదు.

ఇప్పుడు వాళ్ళు యూపీఎస్ పెట్టుకున్నరు. ఆదివారం ఆదివారం వేరే డిస్కులోకి నకలు తీసి ఆడబిడ్డ ఇంట్లో పెడుతున్నరు. మీలో ఎవరి డబ్బా అయినా మొండికేస్తుంటే భోజనాల తర్వాత నాతో మాట్లాడండి. అప్పటిదాకా స్విచ్ మాత్రం వేయకండి.